మునిర్కాలో కౌన్సెలింగ్

ఆ ఆదివారం మధ్యాహ్నం నథానియేలు ఢిల్లీలోని మునిర్కా ఇరుకు సందుల్లో పడి, మూడంతస్తుల మెట్లెక్కి, కాలింగ్ బెల్ మీద వేలు పెట్టేలోపే తలుపు తెరుచుకుంది.

“రా బాబూ, రా. ఎండన పడి వచ్చావు. ఇల్లు దొరకడం కష్టమైందా?” అంది తలుపు తీసినావిడ, అచ్చమైన గోదావరి యాసలో.

నథానియేలు బిత్తరపోయాడు. అతడి ఉద్యోగంలో తలుపులు మూసుకోవడమే గాని తెరుచుకోవడం తక్కువ. ఓఖ్లాలో ఫ్యాక్టరీ పనులు నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో అతడు కౌన్సెలర్. ఎవరైనా ఆడపిల్ల అక్కడ పేరు రాయించుకుంటే వాళ్లింటికి వెళ్లి, అమ్మానాన్నల్ని ఒప్పించి, ఫారం మీద సంతకం పట్టుకురావాలి. ఇంట్లో చెప్పకుండా చేరినవాళ్లు రెండో వారానికల్లా మానేస్తున్నారని కేంద్రం పెట్టుకున్న నియమం అది. సంతకం లేకపోతే సీటు లేదు. ఏ గుమ్మం తొక్కినా ముందు వినిపించేది “ఘర్ మే కోయీ నహీ హై భయ్యా”, ఇంట్లో ఎవరూ లేరన్న మాటే. చెప్పేది మాత్రం ఇంట్లో ఉన్నవాళ్లే.

ఇక్కడ చూస్తే సోఫా మీద ఇస్త్రీ మడత విప్పని దుప్పటి, బల్ల మీద మడత కాజాలు, పకోడీలు, ఫ్యాన్ తన వైపే తిప్పిన కుర్చీ. ఎదురుగా పైగుండీ దాకా పెట్టుకుని బిగుసుకు కూర్చున్న ఇంటాయన. తెలుగువాళ్లు కదా, అభిమానం కాబోలనుకుని కాజా అందుకున్నాడు నథానియేలు.

ఒక్క నిమిషం. అతడికి తెలియని సంగతి మనం తెలుసుకుంటే పాపమేం లేదు. ఆవిడ పేరు సువార్త. ఊరు నరసాపురం, ఢిల్లీలో ఓ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఇరవై ఆరేళ్ల సర్వీసు. కూతురికి సంబంధాలు చూస్తోంది. మొన్న బుధవారం వాళ్ల పాస్టరమ్మ, “ఓఖ్లాలో ఉద్యోగం చేస్తున్న మన కోనసీమ కుర్రాడొకడు ఆదివారం ఆరాధన అయ్యాక వస్తాడు, చూపించండి” అంది. ఫోటో అడిగితే, “మొహాలు కాదమ్మా, మనసులు చూడాలి” అని మందలించింది. డ్యూటీ టైమైపోతున్న హడావుడిలో సువార్త కుర్రాడి పేరు అడగడం మరిచిపోయింది. ఇప్పుడు మాది కోనసీమ, ఉద్యోగం ఓఖ్లాలో అని చెప్పిన కుర్రాడు ఎదురుగా కూర్చుని కాజా తింటుంటే ఇంక అనుమానం దేనికి?

అమ్మాయి కాఫీ ట్రేతో వచ్చింది. పేరు అనుగ్రహ. పట్టుచీర, జడలో మల్లెలు. కౌన్సెలింగ్‌కి ఇంత తయారైన అభ్యర్థిని నథానియేలు ఏడాదిన్నర సర్వీసులో చూడలేదు. ఆమె అతడి ఒళ్లో ఉన్న నీలం ఫైలు, దాని మీద కేంద్రం పేరు చూసింది. ట్రే కొంచెం ఒరిగి కాఫీ సాసర్లలోకి దిగింది.

“ఏం చదివారండి?” అని మొదలుపెట్టాడు నథానియేలు, పెన్ను తీసి.

“బీఎస్సీ ఫిజిక్స్.”

“ఎనిమిది గంటలు నిలబడి పని చెయ్యగలరా అండి?”

“ఎందుకు చెయ్యలేదు బాబూ?” సువార్త అందుకుంది. “నాకు నైట్ డ్యూటీలు పడితే ఇల్లంతా అదే చూసుకునేది కాదూ.” అబ్బాయిది పెద్ద కుటుంబం కాబోలనుకుంది.

“చూపు బాగానే ఉందాండి? రంగులు తేడా తెలుస్తాయా?”

“కళ్లజోడు కూడా లేదు. మిక్సీ చెడినా, వాషింగ్ మెషిన్ చెడినా విప్పి బాగుచేసేది అదే.”

“చాలా మంచిదండి. కాలి సైజెంత?”

ఇంటాయన జక్కయ్య తలెత్తి చూశాడు. “సైజా?”

“ఆయ్. బూట్లు మేమే ఇస్తామండి. బట్టలు రెండు జతలు. మధ్యాహ్నం భోజనం కూడా మాదే.”

సువార్త మొహం చాటంత అయింది. ఈ కాలంలో ఇంత పెట్టే మగపెళ్లివారు ఎక్కడున్నారు? ఆ సంతోషంలో ఒలికిన కాఫీ మార్చి తెస్తానని వంటింట్లోకి వెళ్లింది. అప్పుడు నథానియేలు ఫారంలో ఆఖరి ప్రశ్న అడిగాడు.

“మీకు ఏం చెయ్యాలనుందండి?”

అనుగ్రహ ఒకసారి వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించి మొదలుపెట్టింది. మొదలుపెట్టాక ఆగలేదు. “మూడేళ్లు చదివాను సార్. ఒక్క వస్తువు నా చేత్తో తయారు చెయ్యలేదు. సబ్ థియరీ, అంతా పుస్తకాల్లోనే. ఒక ఇనప ముక్క ఇస్తే, డ్రాయింగ్‌లో ఎంతుందో అంతే రావాలి, వెంట్రుక మందం తేడా కూడా రాకూడదు. అది నాకు రావాలి. జాబ్ మేళాలో మీ వాళ్లు వీడియో చూపించారు కదా, ఉస్ దిన్ సే, ఆ రోజు నుంచి నిద్ర పట్టలేదు.”

ఆమె అలా చెబుతుంటే కళ్లలో వెలుగు చూసి నథానియేలు ఫారంలో రాయవలసింది మరిచిపోయాడు. జక్కయ్య మాత్రం కూతుర్నే చూస్తూ కూర్చున్నాడు.

సువార్త కాఫీతో వచ్చింది. నథానియేలు తేరుకుని, “మూడు నెలలు మా దగ్గర ట్రైనింగ్ అండి. కంప్యూటర్‌తో నడిచే పని. తర్వాత ఉద్యోగం,” అన్నాడు.

“కంప్యూటరా? శుభం. పెళ్లాం ఇంట్లో కూర్చోవాలనేవాళ్లే గాని ఇలా అనేవాళ్లేరీ?” అంది సువార్త. ఈ పెళ్లాం సంగతి ఎక్కణ్ణించి వచ్చిందో నథానియేలుకి అర్థం కాలేదు. లోకంలో మగవాళ్ల గురించి అంటోందనుకున్నాడు. “ఇంతకీ మా అమ్మాయి నచ్చిందా బాబూ?”

“చాలా బాగా సరిపోతారండి. ఇలాంటివాళ్లు దొరకడం కష్టం.”

“మీ వైపు నుంచి ఇంకెవరైనా చూడాలా?”

“మా రేవతి మేడమ్ ఓ మాటు చూస్తారండి. ఆవిడ ఊఁ అంటే అయిపోయినట్టే.”

ఇంట్లో పెత్తనం ఎవరో మేనత్తదన్నమాట అనుకుంది సువార్త. జక్కయ్య కళ్లజోడు పెట్టుకుని, ఫారం రెండు పేజీలూ తీరిగ్గా తిరగేసి, పెన్ను అడిగి సంతకం చేశాడు. కంప్యూటర్ కోర్సు కాయితం కాబోలని సువార్త పట్టించుకోలేదు.

నథానియేలు రెండో అంతస్తు దిగుతుండగా వెనక నుంచి గాజుల చప్పుడైంది. అనుగ్రహ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దిగుతోంది.

“మంగళవారం రమ్మన్నాను కదా సార్. మమ్మీ డ్యూటీలో ఉండేది.”

“రేపటితో ఆఖరండి. సీటు పోతుందని ఇవాళే వచ్చాను. మీవాళ్లు ఎంత మంచివాళ్లండి.”

ఆమె అతణ్ని కిందనుంచి పైకి చూసింది. నవ్వొచ్చి పెదవి కొరుక్కుంది. “మీకు నిజంగా ఏం అర్థం కాలేదా?”

“ఏదండి?”

“ఠీక్ హై. అదే మంచిది. మమ్మీ ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడండి.”

ఆ రాత్రంతా నథానియేలుకి ఆ పెదవి కొరుక్కోవడమే గుర్తొచ్చింది. కారణం తెలియలేదు.

*

శిక్షణ కేంద్రంలో అనుగ్రహ వేరే మనిషి. నీలం చొక్కా, బరువైన బూట్లు, జుట్టు టోపీలోకి దోపి, కళ్లకు అద్దాలు. మొదటి నెల తిరిగేసరికి బ్యాచ్‌లో మిగతా పిల్లలు కొలతలకి ఆమె దగ్గరికే వచ్చేవారు.

నథానియేలుకి ఆఫీసు గదిలో కుర్చీ ఉంది. అయినా రోజుకి నాలుగుసార్లు వర్క్‌షాప్‌లో పని పడేది.

“సార్, ఒకటి అడగనా?” అంది ఓ రోజు. “మీరు ఇల్లిల్లూ తిరిగి మెషిన్ల గురించి అంత బాగా చెప్తారు. మీకు ఒకటైనా ఆన్ చెయ్యడం వచ్చా?”

నథానియేలు చదివింది బీకాం. తర్వాత కరోల్ బాగ్‌లో సివిల్స్ కోచింగ్, మూడు దండయాత్రలు, మూడు ఓటములు. ఆ పైన ఈ ఉద్యోగం. “రాదండి,” అన్నాడు నిజాయితీగా.

“దా, నేర్పిస్తా,” అంది అనుగ్రహ. వెంటనే నాలిక్కరుచుకుని, “రండి సార్,” అని దిద్దుకుంది. మందం కొలిచే మైక్రోమీటర్ చేతిలో పెట్టి, దాని మర ఎంత మెల్లగా తిప్పాలో చూపించింది. ఆమె వేలు అతడి వేలికి తగిలింది. కొలత అయిదుసార్లు తీస్తే అయిదు రకాలుగా వచ్చింది.

“ఏంటండి ఇది, తేడాగా చూపిస్తోంది?”

“మైక్రోమీటర్ సరిగ్గానే ఉంది. మీ చెయ్యి వణుకుతోంది.”

ఇక ఆదివారాల సంగతి. శనివారం సాయంత్రం కాగానే సువార్త ఫోన్ చేసేది. “రేపు చేపల పులుసు బాబూ, వచ్చెయ్.” తల్లిదండ్రులతో సత్సంబంధాలు పెట్టుకోవాలని కేంద్రం వాళ్ల రూలు కూడా ఉంది కనుక నథానియేలు వెళ్లేవాడు. పులుసు రూలు కన్నా బాగుండేది. ఆ ఇంట్లో అనుగ్రహ తలెత్తేది కాదు. అడక్కుండానే అతడి పళ్లెంలో ముక్కలు వేసేది. మర్నాడు కేంద్రంలో కనిపిస్తే, “గుడ్ మార్నింగ్ సార్,” అని అపరిచితురాలిలా వెళ్లిపోయేది. ఇంట్లో ఉన్న అమ్మాయి నిజమా, ఇక్కడున్న అమ్మాయి నిజమా? బ్యాచ్‌లో ఇంకో పంతొమ్మిది మంది ఉన్నారు. వాళ్ల తల్లులెవరూ అతడికి పులుసు పెట్టలేదు. ఇదేదో లెక్క తేలడం లేదని అనిపించేది గాని, పులుసు రుచిలో పడి లెక్క వదిలేసేవాడు. ఒక్కటి మాత్రం ఖాయం. ఆ అమ్మాయి అంటే అతడికి ప్రాణం. ఎప్పటి నుంచో అడిగితే అదీ చెప్పలేడు.

ఆగస్టు వచ్చింది. ఫైనల్ అసెస్‌మెంట్ ఇంక పది రోజులుంది. అందులో పాసైతే ఫరీదాబాద్‌లో ఉద్యోగం. అనుగ్రహ రోజూ ఇంటికి వెళ్లబుద్ధి పుట్టనట్టు మెషిన్ దగ్గరే ఉండేది. ఆ శనివారం సువార్త ఫోన్‌లో పులుసు మాట ఎత్తలేదు.

“బాబూ, మీ అమ్మగారు ఊరి నుంచి ఎప్పుడొస్తారు? క్రిస్మస్ లోపు ప్రదానం, ఆపైన పెళ్లి అనుకుంటున్నాం. చర్చి హాలు ఇప్పుడే చెప్పిపెట్టుకోవాలి మరి.”

“ఎవరి ప్రదానం అండి?”

“ఎవరిదేంటి బాబూ? నీదీ, మా అమ్మాయిదీ.”

నథానియేలు చేతిలో ఫోన్ జారినంత పనైంది. పట్టుచీర, కాజాలు, నచ్చిందా బాబూ, అన్నీ కలిసి ఒక్కసారి నెత్తిన పడ్డాయి. ఏదో గొణిగి ఫోన్ పెట్టేశాడు.

*

ఓఖ్లా మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర అనుగ్రహ దొరికింది. వాన దంచికొడుతోంది. రోడ్డు మీద ఆటోలు సగం మునిగి నడుస్తున్నాయి.

“మీకు ముందే తెలుసా?” అన్నాడు.

ఆమె దేని గురించని అడగలేదు. “మీరు ఫైలుతో కూర్చున్నప్పుడే తెలుసు.”

“మూడు నెలల నుంచి నాకొక్క మాట చెప్పలేదు.”

“చెప్తే మీరు మమ్మీకి చెప్పేస్తారు. ఆప్ వైసే హీ హైఁ, మీ తీరే అంత. మమ్మీ నన్ను మాన్పించేస్తుంది. నేను నేర్చుకునేది కంప్యూటర్ అనుకుంటోంది, లోహం కోసే పని అని తెలీదు. పది రోజులు ఆగండి సార్. అసెస్‌మెంట్ అయ్యాక నేనే చెప్పేస్తా.”

“మరి ఆదివారాలు?” అన్నాడు నథానియేలు. “నా పళ్లెంలో చేపముక్కలు వేసిందంతా సీటు కోసమేనా?”

అనుగ్రహ వాన వైపు తిరిగింది. “మొదట్లో సీటు కోసమే. తర్వాత... మాలూమ్ నహీ. నాకే తెలీట్లేదు. అడక్కండి.”

తెలియకపోవడం తన ఒక్కడి సొత్తే అనుకున్నాడు నథానియేలు ఇన్నాళ్లూ. “ఆంటీ నాకు కొడుక్కి పెట్టినట్టు పెట్టిందండి. ఇంకో ముద్ద తినలేను. రేపు చెప్పేస్తాను.”

“చెప్తే నా ఉద్యోగం పోతుంది.”

“చెప్పకపోతే ఉద్యోగం వచ్చాక తెలుస్తుంది. అప్పుడు మిమ్మల్ని ఎప్పటికీ నమ్మరు.”

“మీతో మాట్లాడను,” అని ఆమె తడుస్తూనే మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆమెకివ్వబోయిన గొడుగు అతడి చేతిలోనే ఉండిపోయింది.

*

మర్నాడు నథానియేలు కాళ్లీడ్చుకుంటూ మూడంతస్తులు ఎక్కాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే, ఒప్పజెప్పినట్టు, మొత్తం చెప్పేశాడు. తాను పెళ్లిచూపులకి రాలేదని, ఆ ఫారం ట్రైనింగ్‌దని, ట్రైనింగ్ ఇనుము కోసే మెషిన్ల మీదని. అనుగ్రహ గోడకానుకుని, అతడి వైపు చూడకుండా వింది.

సువార్త ముందు అడిగింది పెళ్లి సంగతి కాదు.

“మిషన్ల మీదా?” అంది. “నాకు క్యాజువాలిటీలో పదకొండేళ్ల డ్యూటీ. గుడ్డలో వేళ్లు చుట్టుకుని వచ్చేవాళ్లు, ఈ ఓఖ్లా నుంచీ, ఫరీదాబాద్ నుంచీ. కొందరికి ఆ వేళ్లు ఎక్కడ పడ్డాయో కూడా తెలిసేది కాదు. నా కూతుర్ని అక్కడికా పంపింది నేను? ఇంక అది గడప దాటదు.”

“మమ్మీ,” అంది అనుగ్రహ. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“నాదే తప్పండి,” అన్నాడు నథానియేలు. “అడగాల్సినవి సరిగ్గా అడక్కుండా...”

“నీ తప్పేం లేదు,” అన్నాడు జక్కయ్య. ఆ ఇంట్లో ఆయన గొంతు వినిపించడమే అరుదు కనుక అందరూ అటు తిరిగారు. “సంతకం పెట్టింది నేను. చదివే పెట్టాను.”

సువార్త మొగుడి వైపు, మెదడు సరిగ్గా ఉందా అన్నట్టు చూసింది. “చదివారా?”

“ఆసుపత్రి స్టోర్స్‌లో ముప్పయ్యేళ్లు చేశాను. చదవకుండా ఏ కాయితం మీదా సంతకం పెట్టలేదు. ఆ సాయంత్రం అసలు పెళ్లికొడుకు ఫోన్ కూడా చేశాడు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని. అక్కర్లేదు బాబూ అన్నాను. పాస్టరమ్మ కూతురి కాన్పుకని మర్నాడే ఏలూరు వెళ్లిపోయింది, ఇంకా రాలేదు. అదొకటి కలిసొచ్చింది.”

“ఎందుకు చేశారీ పని?”

జక్కయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇంతకుముందు మూడు సంబంధాలు వచ్చాయి. వంట వచ్చా, పాటలు వచ్చా, రంగు కాస్త తక్కువ కదా అన్నారు. నీకేం చెయ్యాలనుంది అని దాన్నెవరూ అడగలేదు. నేనూ అడగలేదు సువార్తా. ఈ కుర్రాడు అడిగాడు. నువ్వు వంటింట్లో ఉన్నావు. పది నిమిషాలు మాట్లాడింది. అది అంత సంతోషంగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.”

వంటింట్లో కుక్కర్ కూత వేసింది, సువార్త లేవలేదు.

“రేపు ఓ మాటు వచ్చి చూడండి ఆంటీ,” అన్నాడు నథానియేలు. “ప్రమాదం ఉండదని నేను ఒట్టేసి చెప్పలేను. మీ కళ్లతో చూశాక వద్దంటే, మేడమ్‌తో నేనే చెప్పి పేరు తీయిస్తాను.”

అనుగ్రహ ఆ రోజు మొదటిసారి అతడి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో ఇంకేముందో నథానియేలుకి అంతుపట్టలేదు.

*

సోమవారం సువార్త డ్యూటీకి వెళ్లేప్పటి బూట్లేసుకుని వచ్చింది. కేంద్రాన్ని వార్డు రౌండ్‌కి వచ్చినట్టు చూసింది. ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెరిపించి, అయోడిన్ గడువు దాటిందని చెప్పి, రేవతి మేడమ్ చేత అక్కడికక్కడే మార్పించింది. తాను నథానియేలు మేనత్త అనుకున్న మనిషి ఈవిడేనా అని ఓసారి ఎగాదిగా చూసింది కూడా.

తర్వాత కూతురి మెషిన్ ముందు నిలబడింది. అద్దాల తలుపు వెనక లోహం గిర్రున తిరుగుతూ, సన్నటి వెండి చుట్టలు రాలుస్తోంది.

“తిరుగుతుండగా ఈ తలుపు తీస్తే?”

అనుగ్రహ తీసి చూపించింది. మెషిన్ ఆగిపోయింది.

“మళ్లీ నడుపు. ఈసారి నేను తీస్తాను.”

తీసింది. ఆగింది. మూడోసారి, చూడనట్టు పక్కకి తిరిగి, ఉన్నట్టుండి తీసింది. అప్పుడూ ఆగింది. ఎర్ర బటన్ నొక్కింది. అదీ పని చేసింది. అనుగ్రహ ఒక ముక్క పూర్తిచేసి, తుడిచి, కొలిచి, తల్లి అరచేతిలో పెట్టింది. ఉంగరంలా గుండ్రంగా, నున్నగా, ఇంకా వెచ్చగా ఉంది.

“ఇది నువ్వు చేసిందేనా?”

“నేనే మమ్మీ.”

సువార్త దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. కొంగు కళ్లకద్దుకుంది. “పరీక్ష రాయి,” అంది. “జడ మాత్రం టోపీలోంచి ఒక్క వెంట్రుక బయటికి రాకూడదు. వచ్చిందో, నేనే వచ్చి కత్తిరిస్తాను.”

తర్వాత నథానియేలు వైపు తిరిగింది. “ఆ రోజు నువ్వొచ్చింది పెళ్లిచూపులకి కాదని నిన్న అన్నావు. ఇవాళ దేనికి నిలబడ్డావు మరి, ఇక్కడ?”

“నేను ఇక్కడే పని చేస్తానండి,” అన్నాడు నథానియేలు.

“బుద్ధూ,” అంది అనుగ్రహ, మెషిన్ వెనక నుంచి.

నథానియేలు చెవులు ఎర్రబడ్డాయి. “అనుగ్రహ అంటే నాకు చాలా ఇష్టమండి ఆంటీ. మీరు పెద్దవాళ్లు, మీరు ఒప్పుకుంటే...” అన్నాడు.

“నాకూ ఆయనకీ ఇష్టమే. కాకపోతే మమ్మల్ని అడిగితే ఏం లాభం? దాన్నడుగు. పని అయ్యేదాకా ఆగి అడుగు,” అంది సువార్త. ఆ ఉక్కు ఉంగరాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని, కాలం చెల్లిన ఇంకేమున్నాయో చూడడానికి స్టోర్ రూమ్ వైపు నడిచింది.

నథానియేలు ఆగాడు. అనుగ్రహ మెషిన్‌కి ఎక్కించిన కొత్త ముక్క పదకొండు నిమిషాల పని. అతడికి మూడు నెలల కన్నా ఎక్కువనిపించింది. మెషిన్ ఆగింది. అనుగ్రహ తలుపు తీసి, ముక్క బయటపెట్టి, చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుంది.

“ముందు నేనడుగుతా,” అంది. “పాసైతే నేను ఫరీదాబాద్‌లో ఉండాలి. షిఫ్టులుంటాయి. పండగలకి సెలవుంటుందో ఉండదో తెలీదు. నాకోసం ఆ ఊరికి మారతావా?”

ఆమె నువ్వు అన్నదని అతడు గమనించనేలేదు. ప్రశ్న పూర్తయ్యేలోపే తల ఊపేశాడు.